వంతు

సూర్యారావుపేట సందులో మూడో అంతస్తు.
రాత్రి పన్నెండూ పది.
గుంటూరు నుంచి మస్తాన్‌వలి పంపిన టేపు
ఇందాకే బస్సు దిగి వచ్చింది,
అట్టపెట్టె మీద కండక్టరు వేలిముద్రతో సహా.

కోల్డ్ స్టోరేజి వరండా. ముప్ఫైమంది ఆడవాళ్ళు
ముక్కుకి కొంగు కట్టుకుని
మిరపకాయల తొడిమలు తీస్తున్నారు.
తుమ్ము వచ్చేలోపు నాలుగు కాయలు,
తుమ్మాక ఇంకో రెండు.
కంప్యూటర్లో అంతా శుభ్రంగానే ఉంది.
ముప్ఫై ఒక్క ముక్కలు కోశాను, అతికాను,
కింద పేరు వేశాను: మరియకుమారి, దినకూలీ.

మాస్టర్ కంట్రోల్లో జోజి గారి దగ్గర
ఇద్దరు పడితేగాని లేవని పాత గాజు మానిటరొకటి ఉంది.
దాంట్లో వేసి చూపించాడు.
గోడ బాగుంది. గోనెలు బాగున్నాయి.
మరియకుమారి చెయ్యి మాత్రం వణికిపోతోంది.
విసిరిన కాయ గంపదాకా వెళ్ళి
తిరిగి వేళ్ళ సందులోకొచ్చి
మళ్ళీ బయల్దేరుతోంది.
“కదలనివాటికి ఏ తప్పూ అంటదమ్మా,
పన్జేసేవాళ్ళ మీదే బయటపడుద్ది.”

సెకనుకి పాతిక బొమ్మలంటాం గానీ
ఒక్కో బొమ్మా రెండు సగాలు.
బేసి గీతలు ఒకమాటు, సరి గీతలు ఒకమాటు.
ఆ సగాన్ని మావాళ్ళు ఫీల్డ్ అంటారు.
పై ఫీల్డ్ ముందా, కింది ఫీల్డ్ ముందా
తేల్చుకోకుండా వదిలామా,
ఇవాళ అయ్యాక నిన్న వస్తుంది.

ఫీల్డ్ అంటే మా నాన్నకి చేనే.
తెనాలి అవతల కాలువ మీద
ఇరవై ఏడేళ్ళు లస్కరు.
మొలతాడుకి తూము తాళంచెవి.
పై చేను ముందా, కింది చేను ముందా
అనే ఈ ప్రశ్న మీదే
ఆయన తల రెండుసార్లు పగిలింది.
వంతు తప్పితే నీళ్ళు వెనక్కి నడవవు,
మనుషులు నడిచొస్తారు, పారలతో.

మస్తాన్ కెమెరా కింది గీతల్ని ముందు రాస్తుంది.
మా సర్వరు పై గీతల్ని ముందు అడుగుతుంది.
ఎవరి అలవాటు వాళ్ళది.
తగువు మధ్యలో ఆవిడ చెయ్యి.

బులెటిన్ ఆరింటికి.
“బొమ్మ మొత్తాన్ని ఒక్క గీత కిందికి జరుపు,” అన్నాడు జోజి.
ఇంతేనా అనుకుంటూ జరిపాను.
ముందు రావాల్సింది ముందొచ్చింది.
చెయ్యి కుదుటపడి పరిగెత్తింది.
కాయ గంపలో పడి, పడ్డచోటే ఉంది.

అడుగున మాత్రం ఒక గీత తెగిపోయింది.
“అది చట్రం చాటునే పోయేదిలే,
ఏ ఇంట్లోనూ కనబడదు.”
నిజమే. కనబడదు.
శివారు చేల గురించి
మా నాన్న పైఅధికార్లూ ఇదే మాట అనేవారు.
ఆయన విని, తలూపి,
చీకట్లో గట్టు వెంబడి నాలుగు మైళ్ళు నడిచి
చివరి మడిలో పాదం దించి,
తడి తగిలాకే తూము దించడానికి వెనక్కొచ్చేవాడు.
నీళ్ళు అందిన రోజున
ఆయన దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు.
ఆ రోజున అన్నం రెండోసారి పెట్టించుకునేవాడు.

జోజి టీకి వెళ్ళాడు.
ఆ పోయిన గీతలో ఏముందోనని
పెద్దది చేసి చూశాను.
గచ్చు. కాస్త మిరప పొట్టు.
ఎవరిదో పాదం అంచు,
సగం చెరిగిన గోరింటాకు గోరు.

వేరే దారి ఉందేమోనని వెతికాను.
అరబొమ్మ ఆలస్యం చేస్తే గీత మిగులుతుంది,
కాలం పోతుంది, సెకనులో యాభయ్యో వంతు.
ఏదో ఒకటి ఇవ్వకుండా ఏదీ కుదరదు.
కాలాన్నే ఇచ్చాను.
ముప్ఫై ఒక్క ముక్కలూ మళ్ళీ విప్పేసరికి
నాలుగున్నర.

ఆరింటికి ప్రసారమైంది.
ఎవరూ ఫోన్ చెయ్యలేదు.
ఇంటికెళ్తూ బందరు కాలువ వంతెన మీద
బండి ఆపాను.
నీళ్ళు పోతున్నాయి కిందికి,
ఎవరి వంతో.