ఈశాన్యం, ఒకటి, తక్కువ ఎత్తు

బఠాణీలు ఒలుస్తూ ఒలుస్తూ
చిన్నమ్మమ్మ సైమి చెయ్యి ఆగిపోయేది.
"ఈశాన్యం. ఒకటి. తక్కువ ఎత్తు."
నేను పెన్సిలు అందుకునేదాన్ని.
అది కందిరీగ.

గళ్ళ నోటుబుక్కులో అడ్డగీతలు గీసింది తనే:
దిక్కు, ఎన్ని, ఎత్తు, టైము.
నాకు ఎనిమిదేళ్ళు. వేసవి సెలవులు.
రాత్రి పదకొండైనా చీకటి పడని సరస్సు ఒడ్డున
నాకు దొరికిన మొదటి ఉద్యోగం.

దక్షిణం, ఒకటి, నేలమీదే: ఫ్రిజ్జు.
వాయవ్యం, ఒకటి, దూరమవుతోంది: హుక్కనెన్ గారి పడవ మోటారు.
దోమలకి లెక్క లేదని రాయమంది.
లెక్క లేదని రాయడం కూడా రిపోర్టేనట.

గోడ మీద ఫొటోలో వాళ్ళన్నయ్య, తోయివో తాత,
ఒక పక్క గుర్రం, ఒక పక్క ఫిరంగి.
డిసెంబరు ఆరున చర్చి దగ్గర ఆయన పేరు చదివేవాళ్ళు.
సైమి కాఫీ పోసేది.
"మా చెల్లా? నిచ్చెనెక్కి కూచుంది, అంతే"
అని నవ్వేవాడు తాత.
నవ్వితే భుజంలో ఇనుపముక్క కదిలి
ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయేది.

నిచ్చెనంటే నలభై రెండు మెట్లు.
కరేలియా కొండ మీద దుంగల మంచె.
పైన ఇద్దరమ్మాయిలు, ఒక టెలిఫోను,
గొర్రెతోలు కోటు మాత్రం ఒక్కటే.
కళ్ళలో ఒత్తులేసుకుని కాపలా కాస్తారంటారు గానీ
ఆ మంచులో కళ్ళతో పనేముంది,
వేసుకోవలసింది చెవుల్లో.
టోపీ కిందికి లాక్కుంటే వినపడదు,
లాక్కోకపోతే చెవులు మిగలవు.
తన ఎడమ చెవికి అంచు లేదు.
ఎలుక కొరికిందనుకునేదాన్ని.

యుద్ధం అయిపోయాక ఆ ఆడవాళ్ళ సంఘాన్నే రద్దు చేశారు.
బూడిదరంగు యూనిఫాం గౌనుని వాళ్ళమ్మ
ఆల్డర్ బెరడుతో ఉడకేసి, రంగు మార్చి,
కొట్టం కిటికీకి కర్టెను కుట్టింది.
పదేళ్ళపాటు దాని వెనక ఆవులు నెమరేశాయి.
బ్యాడ్జీని బంగాళాదుంపల మడిలో పాతారు,
ఏ సాలులోనో మరిచిపోయారు.
తవ్వేటప్పుడు పార టంగుమంటే
తోయివో తాతే ముందు వంగి చూసేవాడు.
ప్రతిసారీ రాయే.

ఒక వానరోజు నోటుబుక్కు మూసి అడిగాను:
ఫ్రిజ్జని తెలుసు కదా, మళ్ళీ చెప్పడం దేనికి?

ఒక గింజ కింద పడింది.
వంగి తీసి, తుడిచి, గిన్నెలో వేసింది.

"ముందురోజు రంపపు మిల్లు మోతని విమానమన్నాను.
ఫోను అవతలి మనిషి ఊరంతా చెప్పుకుని నవ్వాడు.
మర్నాడు మళ్ళీ మోత. మిల్లేనేమో అనుకున్నా.
ఖాయం చేసుకుందామని ఆగాను.
పదకొండు ఊపిర్లు.
ఆ చలిలో ఊపిరి కనపడుతుంది, లెక్కపెట్టొచ్చు."

కింద ఊళ్ళో, స్టేషను పక్కన, ఒక బేకరీ ఉండేదట.
ఇది తను చెప్పలేదు,
ఎన్నో ఏళ్ళకి నాకు వేరే వాళ్ళు చెప్పారు.
తను ఆ రోజు చెప్పింది ఇంతే:
"రాయి. ఆగ్నేయం. ఒకటి. ఉరుము."

చాలా ఆలస్యంగా ప్రభుత్వం ఒక పతకం పంపింది, పెట్టెతో సహా.
పెట్టె బావుందంది.
వినికిడి మిషను బ్యాటరీలు అందులో వేసుకుంది.
తర్వాత ఆ మిషనుతో కూడా పని లేకపోయింది.
వృద్ధుల ఆసుపత్రి గోడకి అరచెయ్యి ఆనించి
లిఫ్టుని పట్టుకునేది, మందుల బండిని,
నర్సు రబ్బరు చెప్పుల్ని.

ఓ మధ్యాహ్నం కళ్ళు మూసుకునే వేలెత్తింది.
"పడమర. ఒకటి. ఎత్తు తెలియదు."

కిటికీలో ఏమీ లేదు.
చెవులు రిక్కించాను, చీమ చిటుక్కుమనలేదు.
ఖాయమేనా అని అడగలేదు.
సంచిలో కరెంటు బిల్లు దొరికితే దాని వెనక
పడమర అని రాశాను, ఒకటి అని రాశాను,
టైము వేశాను:
రెండూ పదిహేడు.