నాలుగు డిగ్రీలు

డార్కస్ పెనీకి కంప్యూటర్ లేదు.
నాకుంది, అదీ పోస్టాఫీసుది.
కౌంటర్ మూశాక కోటైనా విప్పకుండా కూర్చుంటుంది.
నేను అడుగుతాను, ఆమె చెబుతుంది,
దరఖాస్తులోని పెట్టె ఒప్పుకోదు.

సాగుభూమి ఎంత?
"రాళ్లతో కలిపా, తీసేసా?" అంది.
న్యూఫౌండ్‌లాండ్‌లో అది వెటకారం కాదు.
మా తాతలు చేపల కోసం వచ్చినవాళ్లు.
మట్టిని బండసందుల్లోంచి
గిన్నె అడుగు గీకినట్టు గీకి పోగేశారు.

ఏ ఎరువు వాడతారు?
"కేప్లిన్."
జూన్ చివర అలలతో పాటు ఒడ్డెక్కే వేలెడు చేప.
బకెట్లతో ఎత్తి బంగాళాదుంప సాళ్లలో పూడుస్తాం.
ఆ రెండు వారాలూ ఎవరి ముక్కు వాళ్ల దగ్గర ఉండదు.
కిందికి జారే జాబితాలో కేప్లిన్ లేదు.
"ఇతరములు" ఉంది.
మేం చాలా ఏళ్లుగా ఇతరములలోనే ఉన్నాం,
అది నొక్కడం కష్టం కాలేదు.

నిల్వ సదుపాయం.
ఇక్కడ ఆమె ముఖం విప్పారింది.
కొండ పొట్టలోకి తవ్వి, రాయి పేర్చి,
పైన గడ్డిపెళ్లలు కప్పి మామగారు కట్టిన నేలకొట్టు.
రెండు తలుపులు, మధ్యన మనిషి పట్టేంత చీకటి.
ఒకటి మూశాకే రెండోది తెరవాలి,
మంచు దొంగలా వెంటే వస్తుంది.
అక్టోబరులో దాచిన టర్నిప్
మే నెలలో కూడా పంటికింద కరకరమంటుంది.
ఏడాదికి కరెంటు ఖర్చు?
సున్నా.
సున్నా కన్నా పెద్ద అంకె వేయండి, అంది ఎర్రక్షరం.
మళ్లీ సున్నా.
మళ్లీ ఎరుపు.
"ఒకటి వెయ్యి," అంది డార్కస్,
"లాంతరు కింద రాసుకుంటారు."

ఖర్చులో మీ వాటా సగం, ప్రభుత్వానిది సగం.
ముందు మీరు పెట్టండి, రసీదులు పంపండి, తర్వాత ఇస్తాం.
ఆమె చాలాసేపు కిటికీలోంచి చూసింది.
"ఒడ్డున ఉన్నవాడికే తాడు విసురుతారన్నమాట."
కోపంగా కాదు, లెక్క చూసుకుంటూ అంది.
మర్నాడు తమ్ముడు లియాండర్ పడవ ఇంజను అమ్మాడు.

మార్చిలో సెయింట్ జాన్స్ నుంచి అధికారి వచ్చింది,
పల్చటి బూట్లు, మందపాటి ఫైలు.
కొట్టులోకి వంగి వెళ్లి ఎంతకీ బయటికి రాలేదు.
వచ్చాక అంది: బాగుంది, అదే ఇబ్బంది.
బాగున్నదానికి డబ్బివ్వలేం, మెరుగుపడాలి.
నవ్యతకు ఇరవై మార్కులున్నాయి.
డార్కస్ మణికట్టు చూపించింది,
గోడకు ఆనించి చలి పట్టి చూసే చోటు.
"ఇది పాతబడింది. కొత్తదిస్తారా?"

చివరికి మంజూరైనవి
ఒక డిజిటల్ థర్మామీటరు,
కొట్టు నుంచి తారురోడ్డు దాకా
నూట పది మీటర్ల కంకర దారి.
థర్మామీటరు నాలుగు డిగ్రీలంది.
మణికట్టు ఆ మాట అప్పటికే అనేసింది.

కంకర మీద వచ్చిన మొదటి బండి
దారి ఉందో లేదో చూడ్డానికొచ్చింది.
అదే అమ్మాయి, ఈసారి బూట్లు మందం.
టేపు ఒక కొస నేను, ఒక కొస ఆమె.
నూట ఎనిమిది.
రెండు మీటర్లు ఎటు పోయాయని
ఫైలూ మేమూ సముద్రమూ కాసేపు ఆలోచించాం.
"పొగమంచులో కొలిచారు," అంది డార్కస్.
కింద రేవులో లియాండర్
తెడ్లు తుడుచుకుంటున్నాడు, వేసవంతా వాటితోనే.

వెళ్లబోతుంటే క్యాబేజీ ఒకటి చేతిలో పెట్టింది.
బహుమతులు తీసుకోకూడదట.
"అయితే కొనుక్కో."
రెండు డాలర్లు.
కార్బన్ పెట్టి రసీదు నేనే రాశాను.

తుది నివేదిక, పదకొండో పెట్టె,
ప్రాజెక్టు వల్ల పెరిగిన అమ్మకాలు.
రెండు అని వేశాం,
ఊపిరి బిగబట్టి.
ఎర్రక్షరం రాలేదు.