ముందు నడిచే గంట

లాలాగూడ రైల్వే క్వార్టర్లు దాటినంక
రాతిగోడ ఒకటి. గేటుకు బోర్డు లేదు.
బోరు ఎండిందని మే నెలల ఫోనొస్తే
పానాల సంచి భుజానేసుకొని పోయిన.

తలుపు తియ్యలే.
గోడలున్న కర్రపెట్టె గిర్రున తిరిగింది,
అండ్ల చెంబెడు మజ్జిగ.
పెట్టె అవతల నుంచి గొంతు:
"పేరేమిటి నాయనా?"
మల్సూరన్న.
"ఎంతసేపు పడుద్ది?"
పైపులు గుంజితెగాని ఎరుక కాదన్న.

గప్పుడు తెరిచిండ్రు.
ముసలి సిస్టరు, స్కొలాస్తికమ్మ, ఫిరంగిపురం ఆమె,
ఇత్తడి గంట కొట్టుకుంట ముందు నడిచింది.
మగమనిషి లోపలికొస్తున్నడని చెప్పే గంటంట.
గంట ముందల ఒక్కొక్క తలుపు మూసుకుంటున్నది.
అడుగుల సప్పుడు మూల తిరిగి మాయమైతున్నది.

మా తాత దొర గడి ముందటికెళ్లి పోవాల్నంటే
చెప్పులు సంకల పెట్టుకొని
దగ్గుకుంట పోయేటోడు.
గా దగ్గు యాదికొచ్చింది నాకు, ఆ వరండాల.
నోరాగక అడిగిన:
గంట నన్ను చూసి దాసుకునుటానికా, సిస్టరమ్మా?
ఆమె నిలబడ్డది.
"నువ్వు అంటుకుంటావని కాదయ్యా.
మేం కనపడకుండా ఉంటామని
దేవుడికి మాటిచ్చాం. గంట మాకు."
నాకు సగమే సమజైంది.

మనుషులు లేరు, మనుషుల పనులున్నయి.
సగం తరిగిన సొరకాయ మీద కత్తిపీట నీడ.
బోర్లపడ్డ ఒక్క పారగాన్ చెప్పు.
బల్ల మీద పూజ అప్పాలు కోసుకున్న పిండి రేకు,
అంతా గుండ్రటి బొక్కలు, చాపల వల లెక్క.

బోరు సమాధుల పక్కపొంటి ఉన్నది.
ముందు వరుసల పేర్లు నాకు నోరు తిరగలే.
నిజాం జమానల ఓడ దిగి, బండెక్కి వచ్చిండ్రంట,
ఇరవై ఆరేండ్లకే కలరాతోని పోయిందంట ఒకామె,
మదర్ ఒదీల్. ఇంటికి రాసిన జాబు ఇంక పెట్టెలనే ఉన్నదంట.
వెనుక వరుసల
ఇన్నమ్మ, రాయపమ్మ, శౌరీలమ్మ.
"నాది ఆ గన్నేరు చెట్టు కాడ" అన్నది స్కొలాస్తికమ్మ,
బస్సుల సీటుకు రుమాలు ఏసినంత సల్లగ.

ఒకప్పుడు ఇరవై ఒక్కరట. ఇప్పుడు ఏడుగురు.
కొత్తోళ్లు ఎవలన్న వస్తున్నరా అంటే
"జార్ఖండ్ నుంచి ఒక పిల్లొచ్చింది.
ఆదివారాలు ఫోను కోసం ఏడుస్తది,
సోమవారానికి మర్చిపోద్ది."

పొద్దుగూకంగ నీళ్లొచ్చినయి, ముందు ఎర్రగ, తర్వాత తెల్లగ.
చెంబు ముంచి నేను తాగిన.
అదే చెంబు ఆమె అందుకున్నది,
ఎత్తిపోసుకోలే.
కూలి పైసలతోని పిండి రేకుల ముక్కలు
ఒక కవరు నిండ ఇచ్చింది.
మా పిల్లలు చాయ్‌ల అద్దుకొని తిన్నరు.

రెండేండ్లకు ఆ గోడకు ఆనుకొని
పది అంతస్తుల అపార్ట్‌మెంటు లేసింది.
మిద్దె మీద ప్రెషర్ పంపు పాడైతే నన్నే పిలిసిండ్రు.
మీదికెక్కి చూస్తే, కింద
ఆ వాకిలి మొత్తం తాంబాలం లెక్క కనపడ్డది.
ఏమూల ఏమున్నదో అన్నీ.
గన్నేరు కాడ కొత్త సిమెంటు, ఇంక రంగు మారలే.
ఏడుగురిల ఎంతమంది మిగిలిండ్రో లెక్కపెట్టబోయి
ఊకున్న.

సాయంత్రం, వాళ్లు మాట్లాడుకునే గంట ఉంటదట ఒకటి.
బట్టలు ఆరేసిన తీగల నడుమ
తెల్ల ముసుగు పిల్ల ఒకతె తాడాట ఆడుతున్నది.
ఒక ముసలామె కుర్సీల కూసొని లెక్కపెడుతున్నది.
నా చుట్టు బాల్కనీలల్ల
ఎవలి ఫోన్లు వాళ్లు చూసుకుంటున్నరు.

పానా తీసి
ట్యాంకు పైపు మీద మూడుసార్లు కొట్టిన.
ఠంగ్.
ఠంగ్.
ఠంగ్.
ఎవలు కొట్టమనలే. దొర లేడు, గడి లేదు.
నేనే కొట్టిన.

ఆ పిల్ల తలెత్తి చూసింది,
తాడు మాత్రం ఆపలే.