మూడు రోజుల పరీక్ష

రాత్రి రెండుకి జెరాల్డ్‌టన్ షెడ్డులో
నీళ్ళ మోటారు గురక.
పన్నెండు తొట్లు, తొట్టినిండా ఎర్రటి రాతిరొయ్యలు.
వీటికి డెక్కలుండవు, మీసాలే ఉంటాయి.
చేత్తో ఎత్తితే తోక టపటపా కొట్టాలి,
అంటే ఇంకా కోపం ఉందన్నమాట.
కోపం లేనిదాన్ని పక్కన పెట్టాలి.
అదే నా ఉద్యోగం.

మొన్నటిదాకా ఇవి విమానం ఎక్కేవి,
తడి రంపపుపొట్టు కప్పుకుని,
అవతలి తీరంలో పెళ్ళివిందులకి.

మంగళవారం కాన్‌బెర్రాలో ఒక మంత్రి
మైకు ముందు ఏదో అన్నాడు.
పెద్ద మాటేం కాదు,
ఎవరో ఎవరికో జవాబు చెప్పాలన్నాడంతే.
ఆయన నియోజకవర్గంలో సముద్రం లేదట.

గురువారం అవతలి రేవులో
మా డబ్బాలు పరీక్షకి వెళ్ళాయి.
లోహం జాడలున్నాయేమో చూడాలట.
పరీక్షకి మూడు రోజులు.
పొట్టులో రొయ్య బతికేది రెండు.

ఎవరూ నిషేధమనలేదు.
ఉత్తరంలో ఒక్క పరుషమైన మాట లేదు.
కింద సంతకం ఎంత గుండ్రంగా ఉందో!

రోక్కో బర్బూటో పడవమీద అప్పుంది,
మోకాళ్ళలో ముప్పై ఏళ్ళ ఉప్పుంది.
తొట్టి అంచున కూర్చుని అన్నాడు:
"తుఫానైతే లంగరేస్తాను.
స్టాంపుకి ఏం వెయ్యాలి?"

మా సామెత చెప్పాను,
ఆబోతులు పోట్లాడుకుంటే
లేగల కాళ్ళు విరిగాయని.
"తర్వాత లేగలేం చేశాయి?" అన్నాడు.
తర్వాత లేదు. సామెత అక్కడితో అయిపోతుంది.

అప్పుడే ఫోను. కాళ్ళకూరు నుంచి మంగతాయారు పిన్ని,
చెరువుగట్టు మీద కాపలా.
"నలభై కౌంటు, అమ్మడూ, బంగారంలా ఉంది సరుకు.
కొనేవాడు ఫోనెత్తట్లేదు.
అమెరికావాడు సుంకం పెంచాడంట."
ఎందుకట?
"మనం ఎవరి దగ్గరో చమురు కొన్నామంట.
నేను కొన్నది మేతే కదే,
అదీ అప్పుకి."

ఏం చెప్పను?
మా షెడ్డు గోడమీద ప్రపంచపటం ఉంది,
దాంట్లో రెండు చెరువులూ కనపడవు.
పిన్ని వెనక ఏరియేటర్ల చప్పుడు,
నా వెనక మోటారు.
కాసేపు ఇద్దరం అవే విన్నాం.

శనివారం రోక్కో
పడవ అంచు మీదే అమ్మకం పెట్టాడు.
ఊరంతా బకెట్లతో వరస.
ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్న బడిపంతులమ్మ
రెండు కొనుక్కుని గుసగుసగా అడిగింది,
"దీన్నెలా చంపాలి?"

నాకు తెలీదన్నాను.
చంపే పని ఎప్పుడూ
చాలా దూరంలో జరిగేది.

తెల్లవారుజామున తొమ్మిదో తొట్టిలో ఒకటి
తోక కొట్టలేదు.
మళ్ళీ ఎత్తాను. మళ్ళీ.
సూపర్‌వైజర్ ఇటే చూస్తున్నాడు.