పొగగూడు దారిన

వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ వెనక సందులో
మేం అద్దెకున్న ఇంటికి గోడలు రెండడుగుల మందం.
వెనక గది నాది.
ఒక బల్బు హోల్డరు, రెండు దండెం మేకులు,
అంతే. ప్లగ్గు లేదు, ఫోను పెట్టె లేదు.
కరెంటు కూడా తలుపు కిందనుంచి
పాకుతూ వస్తుంది ఎక్స్‌టెన్షన్ బాక్సులో.
హాల్లో సిగ్నలుకి నాలుగు గీతలు.
గడప దాటితే రెండు.
నా బల్ల దగ్గరికొచ్చేసరికి ఒకటి,
అదీ మొహమాటానికి.

నా పని పిల్లల నాలుకలతో.
తెర ముందు కూర్చోబెట్టి
పలకని అక్షరాల్ని పలికిస్తాను.
సాలూరులో కిరీటికి ఆరేళ్ళు, ర రాదు.
తన పేరు కిలీటి.
వాళ్ళ నాన్న తోలేది లాలీ.
వీధినిండా లాలీలే అంటాడు,
పది చక్రాల లాలీ, బొగ్గు లాలీ,
బ్లేకుల్లేని లాలీ.
"నాలుక కొస పైకి. తాకించు, వదిలెయ్."
తాకిస్తాడు. సరిగ్గా అప్పుడే
బొమ్మ బిగుసుకుపోతుంది, నోరు సగం తెరిచి.
"మళ్ళీ చెప్పు నాన్నా."
"చెప్పేను కదా."
ఆ మాట మాత్రం శుభ్రంగా వినిపిస్తుంది.

గౌరీసు వచ్చాడు డ్రిల్లు మిషనుతో.
పావుగంటలో రెండు బిట్లు విరిగాయి.
"గోడ కాదమ్మా ఇది, రాచ్చసి.
నా వల్ల కాదు, నానొగ్గీనాను."
చప్పుడుకి పక్కవాటాలోంచి ఇంటామె వరాలమ్మ,
చేతిలో సగం వలిచిన చిక్కుడుకాయ.
గోడ మీది గాట్లు చూసి తిడుతుందనుకున్నాను.
"ఇది వంటిల్లు, తెలుసా.
మా అత్త ఇక్కడే బొగ్గుల మీద వండేది,
గూడ్సు పట్టాల పక్కన ఏరుకొచ్చిన బొగ్గు."
చిక్కుడుకాయతోనే పైకి చూపించింది.
అటక మీద, సున్నం చాటున, బూజు చాటున
గుప్పెడంత చీకటి.

తీగ మేడ మీదికెక్కింది.
నీళ్ళ ట్యాంకుని చుట్టి, బట్టల దండేన్ని ఆనుకుని,
పిట్టగోడ మీద పేరుకున్న పోర్టు నల్లపొడిలో
గీత గీసుకుంటూ
ఇరవై ఎనిమిది మీటర్లు నడిచి
ఎప్పటిదో మసి రాల్చుకుంటూ
నా బల్ల మీదికి దిగింది.
గౌరీసు కనురెప్పలకీ మసే.
నేల మీద కూర్చుని కొస చీల్చాడు.
లోపల ఎనిమిది సన్నటి నరాలు, జంటలుగా మెలిపడి.
విప్పి, సాపు చేసి, గొణుక్కున్నాడు:
తెలుపు నారింజ, నారింజ, తెలుపు పచ్చ, నీలం,
తెలుపు నీలం, పచ్చ,
తెలుపు గోధుమ, గోధుమ.
"వరస తప్పితే మాట రాదమ్మా."
నాకా సంగతి తెలుసన్నాను.
ఎలా తెలుసని అడగలేదు. క్లిప్పు నొక్కాడు, టిక్కుమంది.
టీ తాగి, విరిగిన బిట్లకి రెండొందలు కలిపి పుచ్చుకుని
వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఐదింటికి కిరీటి.
"మీ ఇంటిముందు ఏం ఆగింది చెప్పు?"
లాలీ కాదు.
లారీ అనీ అనలేను.
రెండింటికీ మధ్య నాలుక అంచు
తగిలీ తగలనట్టు తగిలి
జారిన ఒక గరుకు చప్పుడు.
ఇంకా లోపలికి రాలేదు,
గుమ్మంలో చెప్పులు విడుస్తోంది.
"ఎప్పట్నుంచి అంటున్నావురా ఇలాగ?"
వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. రెండు చేతులూ చాల్లేదు.
"చానా లోజుల్నుంచి."

అన్ని రోజులూ
వాడు అంటూనే ఉన్నాడు,
గోడ తింటూనే ఉంది,
నేను నేర్పుతున్నాననుకుని
మళ్ళీ అన్నాను, మళ్ళీ, మళ్ళీ.

వానలు పడేలోగా ఆ కన్నం చుట్టూ
కాస్త సిమెంటు పెట్టించమంది వరాలమ్మ.
సరేనన్నాను. ఇంకా పెట్టించలేదు.
రాత్రిళ్ళు హార్బరులో ఓడ కూస్తే
ముందు ఆ గూట్లోంచే వినిపిస్తుంది.
పొద్దున్నే బల్ల తుడుస్తాను,
గుడ్డకి
ఎవరి వంటో అంటుకుంటుంది.