ముప్పై ఏడు

మీసేవల స్లాటు దొరికిన నాడు
లాటరీ తాకినట్టు మురిసినం.
పొద్దుగాల ఏడింటికే కింగ్ కోఠి దవాఖాన ముంగట
మాకంటె ముందే నలభై మంది,
గోడ నీడ జరిగినకొద్ది జరుగుకుంట.

నా పెనిమిటి ఇస్తారి
మణికొండల సెంట్రింగు మీదికెల్లి పడి పదమూడు నెలలు.
ఆ దినం ఇస్త్రీ అంగీ అడిగిండు.
తలకు నూనె రాయుమన్నడు.
పెద్ద సారు కాడికి పోతున్నం గదా,
నలిగిన అంగీతోని పోతే ఏం మర్యాద?

లోపట మూడు నిమిషాలు.
డాక్టరు సారు చెడ్డోడు గాదు, అలిసిపోయిండు,
బల్ల మీద ఛాయి మీగడ కట్టి ఉన్నది.
"లేచి నిలబడు" అన్నడు.
ఇంట్ల తలుపు పట్టుకోనిది లేవని మనిషి
అక్కడ లేచి నిలబడ్డడు.
రెండు చేతులెత్తి నమస్తే సుత పెట్టిండు.
నాకు గర్వమైంది.
అబద్ధమెందుకు, గర్వమే అయింది.

నెలన్నరకు ఫోన్ల మెసేజి.
ముప్పై ఏడు.
నలభై ఉంటేనే పింఛను.
బిడ్డకు లెక్కలల్ల మూడు మార్కులు తక్కువొస్తే
ట్యూషన్ పెట్టిచ్చిన.
దీనికేం పెట్టియ్యాలె?
అసలు మూడంటె ఎంత?
అర్ధరాత్రి నేను లేచి ఆయనను ఒత్తిగిల పండబెట్టుడు
ఆ మూడుల ఉన్నదా, ముప్పై ఏడుల ఉన్నదా?

"అప్పీలు రాయి అక్కా" అన్నడు మీసేవ పిలగాడు,
"ఏం చేతగాదో అదే రాయాలె.
చేతనైంది రాయొద్దు."

సైదాబాదుల మా ఒక్క అర్రల
తెల్లకాయితం ముంగట పెట్టుకొని కూసున్నది రవళిక.
నేను చెప్తున్న, అది రాస్తున్నది.
గుండీలు పెట్టుకోరాదు.
"పై రెండు పెట్టుకుంట" అన్నడు మంచం మీదికెల్లి.
కొట్టేసింది.
ఒక్కడే తానం చెయ్యలేడు.
"చెంబుతోని పోసుకుంట గదనే."
మరి వీపు?
సప్పుడు లేదు.
దొడ్డికి... అని నేనంటుంటే
బిడ్డ పెన్ను ఆగింది.
"రాయి బిడ్డా," ఆయనే అన్నడు,
గోడ దిక్కు మొఖం తిప్పి.

చెంచ నోటిదాక ఎత్తిన నాడు శబ్బాష్ అన్న.
గడప దాటిన నాడు చంపాపేట పోయి జిలేబి తెచ్చిన.
పదమూడు నెలలు ఒక్కొక్కటి కూడబెట్టిన.
ఇప్పుడు అన్నిటి మీద గీత గీసి
సర్కారుకు చూపియ్యాలె.

ఎక్స్‌రే సంచి నా భుజం మీదనే ఉంటది.
జెరాక్స్ దుకాణం ముంగట ఒకటి తీసి ఎండకు పట్టిన.
ఆయన వెన్ను, తెల్లగ, మెట్లు మెట్లు,
నడిమిట్ల ఒక మెట్టు కుంగింది.
దుకాణపాయన అది సుత జెరాక్స్ తీసిండు.
నల్లగ వచ్చింది. రెండు రూపాయలు తీసుకున్నడు.

మల్ల దవాఖాన వరుసల నఫీసా ఆపా కలిసింది,
కొడుకుతోని మూడోసారి వచ్చింది.
"మంచిగున్న దినం తీస్కరావొద్దమ్మా,
బురా దిన్ చూస్కొని తీస్కరా" అన్నది.
మరి దినం మన చేతుల ఉన్నదా?
స్లాటు వాళ్లిస్తరు.
ఆ దినమే నొప్పి ఎక్కువ గావాలెనని
ఏ ఎల్లమ్మకు మొక్కాలె?
మొక్కిన. ఎవ్వలికి చెప్పలే.

ఇయ్యాల అప్పీలు.
తెల్లారంగ నుంచి వాన, ఆటో వీధి మొగనే ఆగింది.
నేను కాయితాలు ప్లాస్టిక్ కవర్ల పెట్టి వచ్చేసరికి
ఆయన అంగీ తొడుక్కొని కూసున్నడు.
అదే ఇస్త్రీ అంగీ.
పై గుండీ రెండో కాజాల పడ్డది,
కాలరు ఒక దిక్కు లేచింది.

చేతగాకనా, కావాల్ననా?
అడగలే.
సరిచేద్దామని చెయ్యి పోయింది.
మల్ల తీసుకున్న.