చిటికెనవేలు

గుణుపురం మార్కెట్టు వీధిలో
సైకిలు షాపు మీద మేడగది. అదే మా టీవీ.
గోడకు నీలం గుడ్డ, రెండు కుర్చీలు, టేబులు ఫ్యాను.
రికార్డింగు మొదలవగానే ఫ్యాను ఆపేసేవాళ్ళం.
చప్పుడు పడుతుందని కాబోలనుకున్నాను.
"కాదురా, చెమట కనబడాలి," అంది బమ్మిడి పైడిరత్నం.

ఇరవై రెండేళ్ళు ఆమె అడిగింది,
నేను కెమెరా పట్టాను.
నన్నెవరూ చూడలేదు. నా ఉద్యోగమే అది.

ఒడియాలో అబద్ధం బాగా వచ్చినవాణ్ణి తెలుగులో అడిగేది.
తెలుగులో జారిపోయేవాణ్ణి ఒడియాలోకి లాక్కెళ్ళేది.
రెండింటా ఆరితేరినవాడికి
సవర మాటల్లో ఒక్క ప్రశ్న వేసి ఊరుకునేది.
కొండపల్లెల ఓట్లతో మూడుసార్లు నెగ్గిన చైర్మన్ గారు
అర్థంకాక నవ్వారు.
ఆ నవ్వుని ఊరు వారంరోజులు చూసింది.

వంతెన కాంట్రాక్టరు వచ్చాడు.
"సిమెంటు ఎన్ని బస్తాలు బాబూ?"
చెప్పాడు.
"సిమెంటు ఎన్ని బస్తాలు బాబూ?"
ఇంకో లెక్క చెప్పాడు.
మూడోసారి అడగలేదు.
నీళ్ళగ్లాసు ముందుకు జరిపింది, అంతే.
ముఖం కాదు, చెయ్యి చూడు అనేది నాతో ఎప్పుడూ.
చేతిమీదికి వెళ్ళాను.
గ్లాసులో వంశధార పొంగుతోంది.

కేబులు వైర్లు తెగాయి, బండి సీటు చీరేశారు.
ఒకాయన పట్టుచీర పంపాడు, మడతలో చెక్కు.
చెక్కుతో సహా ఆ చీరని మా నీలంగుడ్డ మీద వేలాడదీసి
ఆ పూట వార్తలు చదివింది.

భువనేశ్వర్ వాళ్ళు పిలిస్తే వెళ్ళి
నలభై రోజులకి తిరిగొచ్చింది.
"అక్కడ ప్రశ్న కంటే ముందు సబ్బు వస్తుందిరా."

అన్నీ గెలుపులే అనలేను.
బడి బియ్యం గురించి ఒక హెడ్మాష్టర్ని ఏడిపించింది.
ఆయన తినలేదని తరవాత తేలింది.
వాళ్ళింటి మెట్టుమీద పొద్దుగూకేదాకా కూచుంది.
తలుపు తియ్యలేదు.
నేను కెమెరా తేనా అంటే
నా వైపు చూసిన చూపు ఎవరికీ చెప్పను.

కరెంటు లేని ఒక రాత్రి చెప్పింది.

"నానది తూకం పని. సావుకారి కొట్టు ముందు తక్కెడ.
సవరలు చింతపండు గంపలు దించేవోరు.
ఆళ్ళ కళ్ళన్నీ ముల్లు మీదే.
ముల్లు తిన్నగానే ఉండీది.
పండు పళ్ళెం కింద మా నాన చిటికెనవేలు.
తొమ్మిదేళ్ళ గుంటని, సంతలో అందరి ముందూ అడిగీసేను:
నానా, ఆ యేలు అక్కడెందుకెట్టేవు?"

"ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు. తీసీసేడు.
పళ్ళెం కిందికి దిగింది."

"కొట్టాడా?"

"లేదు. ఆ రేతిరి కూడు తిన్లేదు.
మర్నాటి సంతకి నన్ను తీసుకెళ్ళలేదు.
ఆ యేలే నన్ను బరంపురంలో చదివించింది."

తరవాత ఫోన్లొచ్చాయి. మేడగదికి తాళం పడింది.
మొన్న శ్రావణంలో కొండమీంచి ఎస్తేరు సబర వచ్చింది,
ఇరవై ఏళ్ళు ఉంటాయేమో,
చేతిలో ఫోను, దానికో కర్ర.
రత్నం ఇంటి వరండాలో ఎదురుగా కూచుని
తడుముకోని తెలుగులో అడిగింది:

"అందర్నీ కూచోబెట్టారు.
మీ నాన్నగారిని ఎందుకు కూచోబెట్టలేదు?
మా అవ్వ గంప కూడా ఆయనే తూచాడు."

ఒకటి, రెండు, మూడు...
అలవాటుగా లెక్కపెట్టాను. పదకొండు దాకా వెళ్ళింది.
రత్నం నా వైపు తిరిగి
"ఫ్యాను ఆపరా," అంది.

ఆపాను.

ఆమె కుడిచెయ్యి ఒళ్ళోంచి మెల్లగా
కొంగు కిందికి జారుతోంది.
ఆ పిల్లకెవరు చెప్పారో తెలీదు,
ఫోను కిందికి దించింది,
ముఖం వదిలేసి.